అన్న ఓటు

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆ ఊళ్లో సగం మంది ఇప్పుడు పోలింగ్ రోజు గడప దాటరు. మహమ్మారి ఏడాదిలో ఇంట్లోనే ఓటేసి కవరులో పెట్టి పంపడం మరిగారు. జబ్బు పోయింది గానీ అలవాటు పోలేదు. ఒకప్పుడు ఆ కవర్లన్నీ ఊళ్లో ఎన్నికలు నడిపే టౌన్ క్లర్కు మార్లిస్ చేతిసంచిలో పట్టేవి. ఇప్పుడు బల్ల నిండా పేర్చినా ఇంకా మిగులుతున్నాయి.

పోలింగ్ రోజైన ఆ మంగళవారం ఉదయం ఆ దొంతరలో మార్లిస్ అన్న వెర్లిన్ కవరు కూడా ఉంది. వెర్లిన్ శనివారమే చనిపోయాడు.

పోలింగ్ రోజుకు ముందే పోయినవాళ్ల ఓటు అక్కడ చెల్లదు, సంతకాలు ఎంత సక్రమంగా ఉన్నా సరే. ఊళ్లో ఎవరు పోయినా కనుక్కుని కవరు తీసి పక్కన పెట్టేది మార్లిసే. ఈ ఒక్కటీ తీయలేదు. తీద్దామని చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి లాక్కుంది.

కిందటి అధ్యక్ష ఎన్నికల్లో ఆ రాష్ట్రం ఏదో కొద్దిపాటి ఓట్లతో అటుది ఇటయింది. చచ్చినవాళ్ల చేత ఓట్లేయించారని వీధికెక్కినవాళ్లలో వెర్లిన్ అందరికంటే ముందున్నాడు. ఓట్లు వేసే ఇదే హాల్లో, ఊరందరి ముందూ, "ఎన్ని శవాల ఓట్లు గుద్దావే దొంగదానా?" అని తోడబుట్టినదాన్ని అడిగాడు. తర్వాత ఎవరెవరో ఫోన్లు చేసి మార్లిస్‌ను చంపుతామన్నారు. ఆమె ఉద్యోగం వదల్లేదు. మొండితనంలో ఆమె అన్నకేం తీసిపోదు. నాలుగేళ్లపాటు ఇద్దరికీ మాటల్లేవు. క్రిస్మస్ భోజనాలు కూడా ఎవరింట్లో వాళ్లవే.

రెండు వారాల కిందట వదిన ఆర్డిస్ ఆఫీసుకు వచ్చింది. వెర్లిన్ అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మంచం దిగడం లేదు. అతని కవరు మీద సాక్షి సంతకం ఆర్డిస్‌దే.

"పోస్టులో వెయ్యొద్దన్నాడు. నీ చేతికే ఇమ్మన్నాడు."

"ఈ దొంగ చేతికా వదినా?"

"దెప్పకే. మీ అన్నకి తప్పయిందని చెప్పడం ఎప్పుడు చేతనయింది గనక? ఇదే చెప్పడం అనుకో."

మార్లిస్ ఆ సాయంత్రమే వెళ్లి అన్న పక్కన కూర్చుంది. ఎన్నికల ఊసు ఇద్దరూ ఎత్తలేదు. ఈ ఏడు జింకల వేటకు ఎవరెవరు వెళ్తారో మాట్లాడుకున్నారు. లేచి వస్తుంటే వెర్లిన్ ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

పోలింగ్ రోజు కవరు చింపే ముందు ఓటరు పేరు హాలంతా వినబడేలా పిలవాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు అప్పుడే చెప్పాలి. మామూలుగా ఆ పిలుపు ఎవరూ పట్టించుకోరు. ఆ మంగళవారం ఆర్డిస్ తన ఓటు వేసి ఇంటికి వెళ్లకుండా, కాఫీ పాత్ర పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మొగుడి పేరు ఒక్కసారి వినిపోదామని ఆమె ఆశ.

"వెర్లిన్ హాగెన్," అని పిలిచింది పోలింగ్ బల్ల దగ్గరున్న బెర్నీస్. పిలిచి నాలిక కరుచుకుంది.

పరిశీలకుల కుర్చీలో ఉన్నది డ్వేన్. ఆనాడు వెర్లిన్ భుజం పక్కన నిలబడి అరిచినవాడు, గురువారం అతని శవపేటిక మోయబోయేవాడు. డ్వేన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకేం వినబడలేదు మార్లిస్. ఈ చెవులు పోయి చాలా కాలమయిందిగా," అన్నాడు.

ఇంకెవరూ అభ్యంతరం చెప్పలేదు. అందరూ ఆమెకు దారి వదిలారు. కవరు చింపి కాగితాన్ని ఓట్లు లెక్కించే యంత్రంలోకి తోస్తే చాలు. ఊళ్లో ఒక్క ప్రాణి బయటపెట్టదు. మార్లిస్‌కు తోయాలనే ఉంది. బతుకులో దేన్నీ అంతగా కోరుకోలేదు. కానీ తోసిందంటే, ఆనాడు అన్న అరిచిన అరుపులన్నీ నిజమైపోతాయి.

"ఈ ఓటరు శనివారం పోయాడు. ఇది చెల్లదు," అంది. కవరు చింపకుండానే తీసి పక్కన పెట్టింది.

ఆర్డిస్ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. అరవలేదు, ఏడవలేదు.

"నాలుగేళ్లు నిన్ను ఊరికే దొంగన్నాడు కదే. ఇవాళ ఒక్కసారి అయ్యుంటే నీ సొమ్మేం పోయేది?"

మార్లిస్ కవరు మీద 'చెల్లదు' అని రాసి సంతకం చేసింది.

"గురువారం చర్చికి రాకు," అని ఆర్డిస్ కోటు గుండీలు పెట్టుకుంటూ వెళ్లిపోయింది.

బెర్నీస్ ఇంకో కవరు పట్టుకుని ఆమె ముఖంలోకి చూస్తోంది. మార్లిస్ తలూపింది. బెర్నీస్ తర్వాతి పేరు పిలిచింది.