పక్కింటి పూటకూళ్ళమ్మ

ఉర్షులా ఇంట్లో ఎనిమిదిమంది మగవాళ్ళు పూటకూళ్ళకు ఉండేవారు. మంచాలు నాలుగే. పగటి పనివాడు లేచిన పక్క చల్లారకముందే రాత్రి పనివాడు వచ్చి అందులో ఒరిగేవాడు. అందరూ ఆమె మొగుడు ఒండ్రెయ్‌లాగే స్లోవాక్ పల్లెల నుంచి పెన్సిల్వేనియా వచ్చి, ఏటి ఒడ్డున ఉక్కు కొలుముల దగ్గర ఒళ్ళు కాల్చుకునేవాళ్ళే. ఎవరి మాంసం వాళ్ళు కొనుక్కొచ్చి, గుర్తుకి తలో రంగు దారం కట్టి ఇస్తే, ఉర్షులా అన్నిటినీ ఒకే కుండలో వేసి ఉడికించి, దారం చూసి వడ్డించేది. ఒకరి ముక్క ఇంకొకరికి పోయిందన్న మాట ఆ ఇంట్లో ఎన్నడూ రాలేదు. ఆ వాడలో పూటకూళ్ళమ్మ అంటే ఉర్షులాయే. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

అలాంటిది, పక్క వాటాలోకి టెక్లా దిగింది.

పాతికేళ్ళు కూడా ఉండవు. మొగుడు ఇమ్రిఖ్‌ది కొలిమి పైభాగంలో పని. వచ్చిన నెలలోపే తనూ ఇద్దర్ని పూటకూళ్ళకు పెట్టుకుంది. పుల్ల క్యాబేజీ పులుసులో ఎండు పుట్టగొడుగులు వేసేది. ఆ వాసన మధ్యగోడ దాటి ఉర్షులా వంటింట్లోకే వచ్చేది.

"ఇదేంటిది, కడుపులో కెలికేస్తోంది," అన్నాడు ఒండ్రెయ్ ఒకసారి, చెంచా చేతిలో పట్టుకునే.

"కెలికితే అక్కడికే పోయి తిను," అంది ఉర్షులా.

ఒండ్రెయ్ పోలేదు గానీ, గాష్పర్ పోయాడు. ఆ ఇంట్లో అందరికంటే పాతవాడు గాష్పర్. ఉర్షులా జ్వరంతో పడుంటే నీళ్ళు తోడిపెట్టిన మనిషి. ఓ ఆదివారం గుడి నుంచి రాగానే గుడ్డల మూట భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమనుకోకు వదినా. అక్కడ కిటికీ పక్కన చోటు దొరికింది."

"కిటికీ కాదులే. పొరుగింటి పుల్లకూర రుచి."

గాష్పర్ తల దించుకుని వెళ్ళిపోయాడు. అతని వెనక మరో ఇద్దరు కదిలారు.

అప్పటినుంచి ఉర్షులాకి కంటి నిండా నిద్ర లేదు. గిన్నె తోముతున్నా చెవి గోడ మీదే. అవతల మగవాళ్ళు నవ్వితే తనని చూసే నవ్వుతున్నారనుకునేది. టెక్లా ఎప్పుడు లేస్తుందో చూసి అంతకంటే ముందు లేచేది. వాకిట్లో అందరికీ కలిపి ఉన్న చేతిపంపు దగ్గర, తన బకెట్లు నిండినా వాటిని తీయకుండా అటూ ఇటూ సర్దుతూ నిలబడేది.

"అయిందా వదినా?" అని టెక్లా అడిగేది.

"తొందరేం? మీ ఇంట్లో రాజులెవరైనా స్నానానికి కూర్చున్నారా?"

"రాజులే. మసి రాజులు," అని నవ్వేది టెక్లా. ఆ నవ్వు ఉర్షులాకి ఇంకా మండేది.

ఏటి మీది నుంచి గాలి తిరిగితే కొలుముల మసి వాడంతా కురుస్తుంది. పాతవాళ్ళు ముక్కుతోనే పసిగట్టి ఆరేసిన బట్టలు లోపలికి లాగేస్తారు. టెక్లాకి ఆ సంగతి తెలియదు. ఒక సోమవారం తెల్లటి దుప్పట్లు వరసగా ఆరేసి లోపలికి పోయింది. గాలి తిరిగింది. ఉర్షులా తన బట్టలు తీసుకుంది, తలుపు వేసుకుంది, కిటికీ వెనక నుంచి చూస్తూ నిలబడింది. దుప్పట్లు కళ్ళముందే బూడిద రంగుకి తిరిగాయి. బయటికి వచ్చిన టెక్లా వాటిని చూసి, బట్టల తాడు పట్టుకుని అలాగే వాకిట్లో కూలబడింది. ఆ రాత్రి ఉర్షులా కడుపు నిండా తింది. ఆదివారం ప్రార్థనలో మాత్రం, ఆ పక్క వాటా ఖాళీ అయితే బాగుండునని అడగకుండా ఉండలేకపోయింది.

వాన పడే ఒక పొద్దున కొలిమి లోపల పేరుకుని అతుక్కుపోయిన ఖనిజం ముద్ద ఒక్కసారిగా కూలింది. పైనున్న ముగ్గురి మీదికి నిప్పు ఎగదన్నింది. అందులో ఇమ్రిఖ్ ఒకడు. శవపేటిక మూసే పంపించారు. తెరవొద్దని కంపెనీ గుమాస్తా చెప్పి వెళ్ళాడు. మర్నాడు ఇంకో గుమాస్తా వచ్చాడు. వాటాలు కంపెనీవి, పనిచేసేవాడు లేని ఇంటికి వాటా లేదు, నెలాఖరుకి ఖాళీ చేయాలి.

వాడలోని ఆడవాళ్ళంతా టెక్లాని చుట్టుకుని ఏడ్చారు. ఒకామె తల నిమిరింది, ఒకామె చెంచాతో పులుసు తాగించింది. ఫాదర్ ఆమె చేయి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఉర్షులా రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టి ఓ మూల నిలబడింది. లోపల ఏదో పొడుచుకుంటోంది. మొదట జాలి అనుకుంది. కాదు, అదీ పాత మంటే. తను ఇద్దరు బిడ్డల్ని ఈ నేలలోనే పూడ్చింది. రెండోవాడిని పూడ్చి వచ్చిన సాయంత్రం చేతులకంటిన మట్టి కడుక్కుని బంగాళాదుంపలు తరిగింది, పగటివాళ్ళు వచ్చే వేళయిందని. ఆ రోజు తన తల ఎవరూ నిమరలేదు. మొగుడు పోయినదాన్ని చూసి అసూయపడుతున్నానేమిటని తన మీద తనకే రోత పుట్టింది. పుట్టినా మంట ఆరలేదు.

గాష్పర్, మిగతావాళ్ళు మూటలతో తిరిగొచ్చారు. ఉర్షులా వాళ్ళ పాత మంచాలే చూపించింది. అడిగింది దొరికింది. ఆ రాత్రి మాత్రం తన గిన్నె అలాగే పక్కకి నెట్టేసింది.

నెలాఖరున టెక్లా సామాను వాకిట్లోకి వచ్చింది. ఎక్కడికి పోతావని ఆడవాళ్ళు అడుగుతుంటే, తల అడ్డంగా ఊపి పెట్టె మీద కూర్చుంది. చివరి ఇంటామె తనింటికి రమ్మని పిలవబోతోందని ఉర్షులా పసిగట్టింది. ఆ పుణ్యం కూడా ఇంకొకరికి పోవడమా అనిపించింది.

"లే. మా వంటింట్లో పొయ్యి పక్కన పడుకో. పనికి నాకూ మనిషి కావాలి," అంది.

మూడో రోజు పులుసు టెక్లా కాచింది. మగవాళ్ళు తిన్నారు, మళ్ళీ అడిగి తిన్నారు. ఒండ్రెయ్ గిన్నెని రొట్టెతో తుడిచి మరీ తిని, "ఇవాళ పులుసు..." అని, పెళ్ళాం మొహం చూసి ఆగిపోయాడు.

ఉర్షులా గరిటె విసిరికొట్టింది. "నా ఇంట్లో, నా పొయ్యి మీద, నా కుండలో కూడా నీదేనా?"

మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు లేచి వెళ్ళిపోయారు. టెక్లా గరిటె తీసి కడిగి కొక్కేనికి తగిలించింది.

"దుప్పట్ల రోజు కిటికీలో నిన్ను చూశాను వదినా," అంది మెల్లగా.

ఉర్షులా బల్ల మీది గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పేర్చసాగింది.

"చూసి కూడా ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తున్నా, విను. నువ్వు నా పులుసు చూసి ఏడుస్తున్నావు. నేను నీ తలుపు చప్పుడు విని ఏడుస్తున్నాను. కొలుముల దగ్గర పని దిగే కూత వేశాక మీ ఆయన బూట్లు గుమ్మంలో విదుల్చుకుంటాడే, అప్పుడు నిన్ను చంపెయ్యాలనిపిస్తుంది. రోజూ అనిపిస్తుంది. మంచిదాన్నని నన్ను చేరదీసి ఉంటే, కాదు నేను."

"మంచిదానివని కాదు," అంది ఉర్షులా. "ఆ చివరింటిది తీసుకుపోతుందని."

టెక్లా విస్తుపోయి చూసింది. తర్వాత పెదవి కొరుక్కుంది గానీ నవ్వు ఆగలేదు. ఉర్షులా కూడా ముక్కు చీది, పీట లాక్కుని కూర్చుంది. ఎవరూ అడగకుండానే, తన ఇద్దరు పిల్లల గురించి చెప్పింది. వాళ్ళ పేర్లు పైకి పలికి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలియదు. టెక్లా ఓదార్చలేదు. బంగాళాదుంపల బుట్ట ముందుకు లాక్కుని, వింటూ తొక్క తీసింది.

అంతటితో స్నేహితులైపోయారని కాదు. ఉప్పు దగ్గర, ఉతుకుడు దగ్గర పోట్లాడుకుంటూనే ఏడాది గడిపారు. సంతాపపు ఏడాది తీరాక గాష్పర్, టెక్లాని చేసుకుంటానని ఉర్షులా చేతే అడిగించాడు. టెక్లా రెండు రోజులు ఆలోచించి సరేనంది. ఒహాయోలో గాష్పర్‌కి గాజు ఫ్యాక్టరీలో పని దొరికింది. కొలిమికంటే కాస్త నయమట.

స్టేషన్లో వాడ ఆడవాళ్ళంతా టెక్లాని కౌగిలించుకున్నారు. ఉర్షులా వంతు చివర్లో వచ్చింది.

"అక్కడ పంపు వంటింట్లోనేనటగా?"

"అంటున్నారు వదినా. చూడాలి."

"అదృష్టవంతురాలివి," అంది ఉర్షులా. మనసారా కుళ్ళుకుంటూనే అంది. ఆ మాట ఎవరితో అన్నదో ఆ తర్వాత తట్టి నాలుక కరుచుకుంది. టెక్లా మాత్రం ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"నువ్వొక్కదానివే నిజం మాట్లాడతావు," అంది.

రైలు కదిలింది. పగటివాళ్ళు పని దిగే వేళవుతోందని ఉర్షులా వడివడిగా ఇంటిదారి పట్టింది.