దిగని చెయ్యి

పొద్దున్నే వార్డులో దుప్పట్లు మార్చి, జ్వరాలు చూసి, ఒక పూట సెలవు పెట్టుకుని ఫ్యాన్ల కంపెనీ వార్షిక సమావేశానికి వెళ్లడం నర్సుకి ఏటా అలవాటే. తండ్రి ఆ కంపెనీలో మోటార్లకి తీగ చుట్టీ చుట్టీ, పోతూ పోతూ ఆమె చేతిలో ఆ కంపెనీ షేర్లు పెట్టాడు. రిటైరయ్యాక వాటి మీద వచ్చేదే ఆసరా అనుకుంది.

ఈసారి హాల్లో చల్లగా చెప్పారు. యజమానులు కంపెనీని స్టాక్ మార్కెట్ నుంచి తప్పించి పూర్తిగా సొంతం చేసుకుంటారట. అందరి షేర్లూ వాళ్లే కొంటారట. మార్కెట్ పడిపోయిన రోజులు చూసి మరీ ధర కట్టారు.

నేను అమ్మనంటే ఏం చేస్తారని అడగడానికి నర్సు కుడిచెయ్యి ఎత్తింది. మైకు ముందు వరుసలు దాటి రానేలేదు. ఓటింగ్ అయిపోయింది, టీ ఇచ్చారు, కుర్చీలు మడిచేశారు. ఆమె చెయ్యి మాత్రం దిగలేదు.

అలాగే బస్సెక్కింది. వెనకవాళ్లకి అడ్డమని కండక్టరు పక్కకి జరగమన్నాడు. మర్నాడు హెడ్ నర్సు ఆ చేతికి సెలైన్ బాటిల్ తగిలించింది, స్టాండ్లు ఎప్పుడూ తక్కువే. దర్జీ అయిన భర్త యూనిఫాం చంక కుట్టు విప్పి గుడ్డ అతికించాడు.

కంపెనీకి ఫోన్ చేస్తే సంగీతం వినిపించేది. చివరికి బ్రోకరు దగ్గరికెళ్లింది. చాలామంది అమ్మేశారు కాబట్టి ఆమె అమ్మకపోయినా తీసుకుంటారన్నాడు.

"నా వస్తువు లాక్కుంటారా?"

"లాక్కోవడం కాదమ్మా. డబ్బిస్తారుగా."

వదిలెయ్యమని భర్త పోరుపెట్టాడు. విసిగి వేసారి ఆమె ఒప్పుకుంది. తీరా అమ్మకం కాగితం మీద ఎడంచేత్తో పెట్టిన సంతకం కలవలేదని అది తిరిగొచ్చింది. ఆ సంగతి కంపెనీ లాయరే తేల్చాలని, ఈ కొనుగోలుకి అనుమతి అడగడానికి వచ్చినప్పుడు ఆయన కోర్టులో దొరుకుతాడని అంటే ఇద్దరూ అక్కడికెళ్లి వెనక వరుసలో కూర్చున్నారు.

అభ్యంతరం ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా అని జడ్జి అడిగారు. ఉన్నవాళ్లంతా ఎప్పుడో అలిసిపోయి ఇళ్లకి పోయారు. లేరన్నాడు లాయరు.

జడ్జి కళ్లజోడు సర్దుకున్నారు. "ఆ చెయ్యి ఎవరిది?"

అది ఊరికే లేచి ఉన్న చెయ్యేనండీ అంటే సరిపోయేది. భర్త కూడా అదే చెప్పమని మోచేత్తో పొడుస్తున్నాడు. ఆమె లేచి నిలబడింది.

"నాదేనండీ. నేను అమ్మను. ఎందుకమ్మాలో నాకెవరూ చెప్పలేదు."

జడ్జి ధర మళ్లీ కట్టించమన్నారు. అప్పటిదాకా ఆమె షేర్ల జోలికి వెళ్లొద్దని రాయించి, వాయిదా ఏడాది తర్వాతకి వేశారు. ఇంకో ఏడాదా అని భర్త తల పట్టుకున్నాడు. ఆమె గుమ్మం ఎత్తు చూసుకుని, కాస్త వంగి బయటికి నడిచింది.