తొమ్మిదిమంది పేరున్న ఇల్లు

"నీ ఇల్లు పూర్తయిందమ్మా. ఇంకేం కావాలె నీకు?" అన్నాడు ఇళ్ల ఆఫీసులో ఇంజనీరు.

ఉమ్రావ్ బేగంకు డెబ్భై రెండేళ్లు. సరిగా వినబడలేదేమోనని ఒక అడుగు ముందుకు వేసింది. వినబడింది. కానీ రెండు వానాకాలాలుగా నాలుగు బండలు నిలబెట్టి, మీద ప్లాస్టిక్ కవరు కప్పుకొని బతుకుతున్న మనిషి ఆ మాట ఎట్లా నమ్ముతుంది?

ఇంజనీరు కంప్యూటర్ను ఇటు తిప్పాడు. "చూడు. పునాది, గోడలు, స్లాబు, రంగులు. అన్ని ఫొటోల నువ్వే ఉన్నవ్. బిల్లు పైసలు గూడ కాంట్రాక్టర్‌కు ముట్టినయ్."

నిజమే, నాలుగింటిలోనూ ఆమే. ఆఖరి ఫొటోలో పచ్చరంగు గోడ, టేకు తలుపు. దాని ముందు కొంగు సర్దుకుని, బడిపిల్లలా బిగుసుకుపోయి నిలబడ్డ ఉమ్రావ్ బేగం.

"గీ మనిషిని నేనే సారూ. గా ఇల్లు నాది కాదు" అన్నదామె.

ఇంజనీరు నవ్వాడు. ఆయన నవ్వితే నవ్వాలి కాబట్టి చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. వెనక నిలబడ్డ తాజ్ మొహమ్మద్‌కు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆమెను బండి మీద ఎక్కించుకొని, నాలుగుసార్లూ ఆ ఇంటి ముందుకు తీసుకుపోయింది అతనే.

ఉమ్రావ్ బేగం అతనికి ఖాలా, కన్నతల్లికి అక్క. తల్లి పోయాక ఎత్తుకొని పెంచింది ఆమే. తాజ్ తాండూరు శివారులో ఒక పాలిష్ యూనిట్‌లో నాపరాళ్లు కోసే మిషన్ నడుపుతాడు. పేదల ఇళ్ల జాబితాలో ఖాలా పేరు వచ్చిన రోజు యూనిట్ అంతా మిఠాయి పంచాడు. కాంట్రాక్టర్ రాజేందర్ వెతుక్కుంటూ వచ్చాడు. "అమ్మీ, నీకెందుకు ఫికర్? తాళంచెవి నీ చేతిల పెడ్త" అన్నాడు. ఆమె బండలకప్పు ఇంటిని ఒక్క పూటలో కూలగొట్టి, కప్పు బండలన్నీ ట్రాక్టర్‌లో వేసుకుపోయాడు. పునాది గుంత తవ్వి, మళ్లీ ఆ గల్లీలో అడుగు పెట్టలేదు.

తర్వాత ఒకరోజు ఫోన్ చేశాడు. "తాజ్‌భాయ్, సర్కారు యాప్‌ల ఇంటి ఫొటో ఎక్కకపోతే మంజూరు వాపస్ పోతది. మీ పని జర లేటయింది. అందాక ఇంకోతాన కడుతున్న ఇంటి ముందర నిలబడమను. అందరు గిట్లనే చేస్తున్నరు."

తాజ్ నమ్మాడు. ఇల్లు చేజారిపోతుందనే భయం పేదవాడిచేత ఏ పనైనా చేయిస్తుంది. ఫొటో తీసింది ఇంజనీరు మనిషే. మొహం స్పష్టంగా పడాలంటే, ఖాలా మొహం మీది కొంగును తాజ్ తన చేత్తోనే పక్కకు తీశాడు. ఆ చేతిని చూసుకుంటే ఇప్పుడు అతనికి అసహ్యంగా ఉంది.

ఇంజనీరు దగ్గర్నుంచి ఠాణాకు పోయారు. "కాంట్రాక్టర్‌తోని రాసుకున్న కాగితం ఉన్నదా? లేదు గదా. కోర్టుకు పో" అన్నారు. వికారాబాద్ పోయి పెద్దాఫీసులో అర్జీ ఇచ్చారు. అర్జీ నెల రోజులు తిరిగి తిరిగి, విచారణ కోసం అదే ఇంజనీరు టేబుల్ మీదికి వచ్చి చేరింది. దొంగనే కాపలా పెట్టి తాళం వేసుకోమన్నట్టుంది వ్యవహారం! ఆ సాయంత్రమే రాజేందర్ కారు గల్లీలో ఆగింది.

"దొంగ ఫొటో దిగింది మీ ఖాలా. తీస్కొచ్చింది నువ్వు. కేసంటూ అయితే మీ ఇద్దరి మీదనే అయితది. సోంచాయించుకో."

కారు పోయాక ఖాలా తాజ్ చెయ్యి పట్టుకుంది. "ఛోడ్ దే బేటా, ఇడిచిపెట్టు. ఈ వయసుల నేను జైలుకు పోలేను" అన్నది. తాజ్‌కు అన్నం సహించలేదు.

మర్నాడు మిషన్ ఆపి నీళ్లు తాగుతూ అంతా రెబెక్కకు చెప్పుకున్నాడు. రెబెక్క బండలు పేర్చే కూలి, యూనిట్ల కార్మిక సంఘానికి కార్యదర్శి. నోరు పెద్దది, గుండె అంతకన్నా పెద్దది. సగం వినేసరికే ఆమె మొహం మారిపోయింది.

"టేకు తలుపా? పచ్చగోడనా?"

"అవ్."

"తాజన్నా, మా అమ్మను గూడ గాడనే నిలబెట్టిండు!"

ఆదివారం యూనిట్ వెనకాల, బండల కుప్పల మధ్య కూర్చుని లెక్క తీస్తే తొమ్మిదిమంది తేలారు. అందరూ ముసలివాళ్లే. అందరూ ఒక్క తలుపు ముందు నిలబడ్డవాళ్లే. ఆ ఇల్లు ఎవరిదో కనుక్కోవడానికి పెద్ద శ్రమేం పడలేదు. బషీరాబాద్ రోడ్డు మీద రాజేందర్ తనకోసం కట్టుకున్న సొంత ఇల్లే అది. బుధవారం గృహప్రవేశం.

"మనది గూడ తప్పే," అన్నాడు మత్తయ్య. తొమ్మిదిమందిలో ఒకడు. యాభై ఏళ్లు గనిలో రాయి కొట్టి నడుం వంగిపోయిన మనిషి. "నిలబడమంటె నిలబడ్డం. ఇప్పుడు నోరు తెరిస్తె మనల్నే లోపలేస్తరు."

రెబెక్క తల్లి మార్త కస్సుమంది. "నిలబడుడు తప్పా? గని సేటు నిలబడమంటె నిలబడలేదా? ఓటుకు లైన్ల నిలబడలేదా? మన బతుకంత నిలబడుడే. నిలబెట్టినోనిది తప్పు గాదా?"

"గదంతా నిజమే అక్కా. చెయ్యాల్సిందేంది?" అన్నాడు మత్తయ్య.

ధర్నా అన్నారు ఒకరు. మళ్లీ అర్జీ అన్నారు ఇంకొకరు. అర్జీ మాట వినగానే నలుగురు లేచి దుమ్ము దులుపుకున్నారు. మాటమీద మాట పెరిగింది. అప్పుడు ఉమ్రావ్ బేగం అడిగింది.

"సర్కారు కంప్యూటర్ల ఏం రాసున్నది? గా ఇల్లు నాదని రాసున్నది. అవునా?"

"అవును ఖాలా."

"మార్తది గూడనని రాసున్నది. మత్తయ్యది గూడ. మరి మన ఇంటికి మనం పోతే ఎవడు ఆపుతడు?"

ముందు అందరూ పగలబడి నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జైలంటే వణికిన ముసలామె నోట వచ్చిన మాట అది.

మంగళవారం పొద్దున పదకొండు యూనిట్లలో మిషన్లు ఆగిపోయాయి. బండలు మోసే ట్రాలీలో తొమ్మిదిమంది ముసలివాళ్లు, వాళ్ల గిన్నెలు, చాపలు. వెనక నాలుగు వందలమంది కూలీలు. మామిడి తోరణాలు కడుతున్న కుర్రాళ్లు పక్కకు జరిగారు. ఖాలా చెప్పులు బయట విప్పి, బిస్మిల్లా అని కుడికాలు లోపల పెట్టింది. మార్త పొయ్యి ముట్టించింది.

రాజేందర్ పరుగెత్తుకొచ్చాడు. "ఎవని ఇల్లనుకుంటున్నరే మీరు?"

"నువ్వే చెప్పు," అన్నది రెబెక్క. ఆమె చేతిలో, సోమవారం ఇళ్ల ఆఫీసులో సంఘం అచ్చు తీయించిన తొమ్మిదిమంది ఫొటో కాగితాలున్నాయి. "మీ సారు ఆఫీసుల ఉన్నయే ఇవి. ఫొటోలు నిజమైతే ఇల్లు మాది. ఇల్లు నీదైతే ఫొటోలు దొంగవి. ఏదన్న ఒకటి గట్టిగ చెప్పు, అందరు వింటరు."

ఎస్ఐ వచ్చాడు, ఇంజనీరూ వచ్చాడు. "ఇల్లు ఎవరిదయ్యా?" అని ఎస్ఐ అడిగాడు. రాజేందర్ ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు తన ఫోన్‌లో ఏదో మహా ముఖ్యమైనది చదువుతున్నాడు.

"చెప్పు! చెప్పు!" నాలుగు వందల గొంతులు ఒక్కటయ్యాయి. జన్మలో మొదటిసారి కాంట్రాక్టర్ జవాబు చెప్పవలసినవాడయ్యాడు.

ఎస్ఐకి పైనుంచి ఫోన్ వచ్చింది. "సరే సారూ, సరే సారూ" అని పెట్టేసి, "ఈ ముసలోళ్లను వ్యాన్ ఎక్కించండి" అన్నాడు. జనం అడ్డం పడ్డారు. తోపులాట. మత్తయ్య కింద పడ్డాడు, తాజ్ లేపి నిలబెట్టాడు. లేపి నేరుగా ఎస్ఐ ముందుకు పోయాడు.

"ముందుగాల నా పేరు రాయండి. తాజ్ మొహమ్మద్. ఖాలాను తెచ్చి గీ తలుపు ముందర నిలబెట్టింది నేనే. నా తప్పు ఒప్పుకుంటున్న. తెమ్మన్నది రాజేందర్, ఫొటో తీసింది గీ సారు మనిషి. వాళ్ల పేర్లు గూడ రాయండి. రాసేదాక ఈడికెళ్లి కదల."

"నా పేరు గూడ!" అన్నాడు మత్తయ్య. "నాది గూడ!" అన్నది మార్త. కానిస్టేబుల్ కలం అందుకోలేకపోయింది.

"అడ్రసు?" అని అడిగాడతను ఉమ్రావ్ బేగంను.

"గీ ఇల్లే, బేటా. రాస్కో."

తొమ్మిదిమందీ అదే చెప్పారు. కానిస్టేబుల్ ఎస్ఐ మొహం చూశాడు. ఎస్ఐ మొహం తిప్పుకున్నాడు.

వ్యాన్ కదలబోతుంటే బషీరాబాద్ దిక్కునుంచి రెండు ఆటోలు వచ్చి అడ్డంగా ఆగాయి. ఎవరో ఫోన్లలో పంపిన వీడియో చూసి వచ్చినవాళ్లు. కన్నడం కలిసిన తెలుగులో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కర్ర ఊతంతో ఒక ముసలాయన వ్యాన్ దగ్గరికొచ్చి, కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"అమ్మా, మమ్మల్ని గూడ గిట్లనే నిలబెట్టిండ్రు. ఆరుగురం."

ఉమ్రావ్ బేగం కిటికీలోంచి వంగింది. "ఎవరింటి ముందర?"

"పప్పు మిల్లు సేటు ఇంటి ముందర."

"మరి ఈడేం చేస్తున్నరు?" గట్టిగా అరిచిందామె. "పోండి, మీ ఇంటికి పోండి!"