సెర్వా కొట్టు ముందు బల్ల

"ఓబెంగ్! ఒరేయ్ ఓబెంగూ! బతికిందా లేదా చెప్పు!"

సెర్వా అక్క వీధిలోంచే అరిచింది. చేతిలో చీపురుతో బల్ల చుట్టూ ఎర్రదుమ్ము ఊడుస్తోంది. రిపేర్లు చేసే ఓబెంగ్ ఆమె కొట్టు లోపల, మూత విప్పిన కంప్యూటర్ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. నల్లటి స్క్రీన్ మీద ఒక్క తెల్లటి వాక్యం వెలుగుతోంది: సిస్టమ్ ఉన్న డిస్కు దొరకలేదు.

"ఇంకా లేదక్కా. కేబుల్ మార్చి చూస్తున్నా."

"సోమవారమూ కేబులే అన్నావు. నిన్న మెమరీ అన్నావు. రేపు నా మొహం బాలేదంటావు! ఇవాళ లేవకపోతే ఎదురుకొట్టు మాస్టర్ని పిలుస్తా, చూడు."

కుమాసీ నగరంలో ఆ వీధి పొడుగునా చావు పోస్టర్లు వేసే కొట్లే. ఎవరు పోయినా, శనివారం అంత్యక్రియలకి ముందే పెద్ద ఫొటోతో పోస్టర్ గోడలకెక్కాలి. శవం ఆసుపత్రి చలిగదిలో ఉంటుంది. పోయినవాళ్ళు మాత్రం వచ్చి కొట్టు ముందు బల్ల మీద కూర్చుంటారు. మాట్లాడరు. తమ మొహం అచ్చయి బయటికి రాగానే లేచి, బట్ట దులుపుకుని వెళ్ళిపోతారు. దారిన పోయేవాళ్ళు వాళ్ళ కాళ్ళు తొక్కకుండా కాస్త పక్కకి జరిగి నడుస్తారు, అంతే.

బల్ల చివర ఒకాయన మాత్రం ఏళ్ళ తరబడి ఉండిపోయాడు. ఆయన పోస్టర్ ఎందుకో పడలేదు. మొహం అరిగి అరిగి ఏటిరాయిలా అయిపోయింది. పేరు ఎవరికీ గుర్తులేదు. ఎండ బాగా కాసిన రోజు సెర్వా అక్క ఆయన భుజాల మీద తడిగుడ్డలు ఆరేస్తుంది.

పోయిన వారం మెషీన్‌కి వైరస్ పట్టిందని ఓబెంగ్ కొత్త సిస్టమ్ వేశాడు. వేశాక అది మళ్ళీ లేవలేదు. బల్ల మీదున్న టాక్సీ డ్రైవర్‌నీ, స్కూలు టీచరమ్మనీ వాళ్ళవాళ్ళు ఎదురుకొట్టుకి తీసుకుపోయారు. వాళ్ళ ఫోన్లలో ఫొటోలున్నాయి. మిగిలింది పోకువా ఒక్కతే. బతికుండగా ఫొటో అంటే చాలు, కొంగు అడ్డం పెట్టుకునేదట. ఒక్కసారి, చర్చిలో పాడుతుంటే, కూతురు అఫ్రియే దొంగచాటుగా తీసింది. దాన్ని ఈ మెషీన్‌లోకి ఎక్కించి ఇంటికి పోతుంటే కిక్కిరిసిన ట్రోట్రో వ్యానులో ఫోన్ కొట్టేశారు.

అఫ్రియే రోజూ వస్తుంది. వాళ్ళమ్మ తలగుడ్డ సర్ది, ఓబెంగ్‌కి కాగితంలో నూనెలో వేయించిన వేడివేడి తీపి బోఫ్రోట్లు పెడుతుంది.

"ఏం మాస్టరూ, మీ రోగి ఇవాళైనా కళ్ళు తెరిచిందా?"

"తెరుస్తుందండీ. కొంచెం మొండిది."

"మా అమ్మకంటేనా!" అని నవ్వుతుంది. ఆ నవ్వుకి కొట్లోని చీకటి పలచబడినట్టుంటుంది ఓబెంగ్‌కి. ఆ తర్వాత బోఫ్రోట్‌ని కాగితంలోనే చుట్టి పక్కన పెట్టేస్తాడు.

ఎందుకంటే మెషీన్‌కి ఏ రోగమూ లేదు. అందులో డిస్కులు రెండు. చిన్నది సిస్టమ్‌కి, పెద్దది ఫొటోలకి. ఆ రోజు చిన్నదాన్ని తుడిచేశాక, కొత్త సిస్టమ్ ఎక్కడ పెట్టమంటావని మెషీన్ అడిగింది. సరిగ్గా అప్పుడే అఫ్రియే గుమ్మం బయట వంగి, వాళ్ళమ్మ ఎర్ర తలగుడ్డ ముడి బిగిస్తోంది. ఆ పొడవాటి వేళ్ళు చూస్తూ ఓబెంగ్ పెద్దదాని మీద నొక్కేశాడు. పెద్ద డిస్కు తుడుచుకుపోయి, సిస్టమ్ పోయి అందులో కూర్చుంది. అప్పట్నుంచీ మెషీన్ ఖాళీగా ఉన్న చిన్నదాంట్లో వెతుక్కుని, లేదు లేదంటోంది. పెద్దదాంట్లో చూడమని చెబితే లేచి కూర్చుంటుంది. కానీ లేస్తే సెర్వా అక్క మొట్టమొదట తెరిచేది ఫొటోలే.

పెద్ద డిస్కుని ఇంటికి పట్టుకెళ్ళి, పోయినవి వెనక్కి తెచ్చే ప్రోగ్రాం ఒకటి దొంగచాటుగా నడిపించి చూశాడు. పోకువా ఫొటో సగమే వచ్చింది. పైన ఎర్ర తలగుడ్డ. కిందంతా బూడిదరంగు.

సెర్వా అక్క అరిచిన ఆ గురువారమే, కాసేపటికి బయట అఫ్రియే గొంతు వినిపించింది. నవ్వు లేదందులో.

"అక్కా, మా అమ్మకి బుగ్గ మీద సొట్ట ఉండాలి కదా. ఏదీ? పెదాలు కూడా... నిన్న ఉన్నాయక్కా, నేను చూశాను!"

సెర్వా అక్క చీపురు ఆపింది. బల్ల చివరాయన వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"ఆలస్యమైతే అంతేనమ్మా," అంది మెల్లగా.

అఫ్రియే పరుగున లోపలికొచ్చింది. "మాస్టరూ, నా కళ్ళ ముందే పోతోంది. మీకు దణ్ణం పెడతా, ఏదో ఒకటి చెయ్యండి."

ఓబెంగ్ స్క్రూడ్రైవర్ వైపే చూస్తూ కూర్చున్నాడు. మెషీన్ చచ్చిపోయిందని చెప్పేయొచ్చు. బోర్డు కాలిపోయిందంటే ఎవరు కాదంటారు? నోరు తెరిచాడు కూడా.

అప్పుడు పోకువా బల్ల మీంచి లేచింది. బయటికి పోలేదు. గడప దాటి లోపలికొచ్చి, ఓబెంగ్ పక్క స్టూలు మీద, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఎర్ర తలగుడ్డ కింద బూడిదరంగు. అంతకంటే ఏమీ లేదు. ఇకమీదట తనెక్కడ కూర్చుంటే ఈమె అక్కడ కూర్చుంటుందని అతనికి అర్థమైంది. అన్నం దగ్గర, మంచం పక్కన, పెళ్ళయితే పెళ్ళిలో.

పోకువా చల్లటి చెయ్యి అతని చేతి మీద పెట్టింది. ఓబెంగ్ పెద్ద డిస్కుని ఎంచుకుని, నొక్కాడు.

స్క్రీన్ నీలంగా వెలిగింది.

"లేచింది! దేవుడా, లేచిందే!" సెర్వా అక్క చీపురు పారేసి చప్పట్లు కొట్టింది. అఫ్రియే ఏడుస్తూ నవ్వుతూ అతని భుజం పట్టుకుని ఊపేసింది.

"నాకు తెలుసు మాస్టరూ, మీరు చేస్తారని! తెరవండి, అమ్మని తెరవండి!"

ఆ చెయ్యి భుజం మీద వెచ్చగా ఉంది. చేతి మీది పోకువా చెయ్యి ఇంకా మంచులా ఉంది. ఓబెంగ్ రెండింటినీ కాసేపు అలాగే ఉండనిచ్చాడు.

"మెషీన్ మొదట్నుంచీ బాగానే ఉంది, అఫ్రియే," అన్నాడు. "మీ అమ్మ అందులో లేదు. నేనే తుడిచేశాను."