బెల్లు మోగితే మూసుకునే వీధి

ఆ వీధిలో పొద్దున్నే సైకిల్ బెల్లు ఆగకుండా మోగిందంటే చాలు, షట్టర్లన్నీ దబదబా కిందికి దిగిపోయేవి. కొత్తవాళ్ళు చూస్తే ఏ ఉపద్రవమో ముంచుకొచ్చిందని హడలిపోయేవారు. ఉపద్రవమూ లేదు, గిపద్రవమూ లేదు. పురపాలక సంఘం వాళ్ళు వీధి మొదట్లో కనిపించారు, అంతే!

ఆ బెల్లు కొట్టేది అక్కడ సైకిళ్ళు బాగుచేసే మరిది. నిజానికి అతను రొట్టెల కొట్టు నడిపే వదిన ఒక్కదానికే మరిది. కానీ ఆవిడ రోజంతా "మరిదీ! మరిదీ!" అని కేకలు పెట్టడంతో వీధి మొత్తానికీ మరిదైపోయాడు. ఆవిడా అంతే, ముసలీ ముతకా అందరికీ వదినే.

షట్టరు దిగాక లోపల చూడాలి సంబరం! వదిన పొయ్యి ముందు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకునేది. పక్కకొట్లో తాళాల తాత, తాళంచెవి చేయించుకోడానికి వచ్చిన పెద్దమనిషిని కూడా చీకట్లో కూర్చోబెట్టి "ఉష్! ఊపిరి గట్టిగా తీయకండి" అనేవాడు. అడుగుల చప్పుడు దూరమయ్యాక షట్టర్లు లేచేవి. "ఈసారీ తప్పించుకున్నాం!" అని ఒకటే నవ్వులు. పొయ్యిలో రొట్టెలు మాడిపోయినా ఆవిడకు ఆ పూట దిగులుండేది కాదు.

ఈ దాగుడుమూతలు దేనికంటారా? ఆ వీధిలో చాలామందికి లైసెన్సు లేదు. వెనకటికెప్పుడో ఎవరికో పెద్ద జరిమానా పడిందట. ఎవరికి, ఎందుకు అని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేరు. ఆ భయం కొట్టుతో పాటే తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. అధికారులేమైనా తక్కువ తిన్నారా? వచ్చినప్పుడల్లా మొహం గంటు పెట్టుకుని రావడమే గానీ, "మీకేం ఇబ్బందమ్మా?" అని ఒక్క తలుపు తట్టిన పాపాన పోలేదు.

ఇలా ఉండగా ఒకరోజు వీధి చివర బస్టాపులో కొత్త బోర్డు వెలిసింది. వచ్చే నెల నుంచి బస్సులు ఇటు రావు, పెద్దరోడ్డు మీదుగా పోతాయి. వదిన గుండెల్లో రాయి పడింది. ఆవిడ బతుకంతా ఆ బస్టాపు మీదే. బస్సు దిగినవాళ్ళు వేడి రొట్టె వాసన పట్టుకుని నేరుగా ఆవిడ కొట్టుకే వస్తారు. బస్సు రాకపోతే ఇక ఆ పొయ్యి వెలిగించడం దండగ.

చేతికి అంటిన పిండి దులుపుకుని, మరిదిని రెక్క పట్టుకుని లాక్కుంటూ పురపాలక సంఘం ఆఫీసుకు వెళ్ళింది.

"మా పొట్ట కొట్టడానికి మీకు మనసెలా వచ్చింది మేడమ్?" అని అధ్యక్షురాలిని నిలదీసింది.

ఆవిడ నిదానస్తురాలు. "కూర్చోమ్మా. వ్యాపారం ఎక్కడుంటే బస్సు అక్కడికి నడపాలి కదా. మావాళ్ళు ఎన్నిసార్లు వచ్చి చూసినా మీ వీధిలో ఒక్క కొట్టూ తెరిచి లేదు. పాపం, ఆ వీధి చచ్చిపోయిందని అనుకున్నాం" అంది.

వదిన మరిది వంక చూసింది. మరిది నేల వంక చూశాడు.

"అదీ... తెరిచే ఉంటాయి మేడమ్" అంది వదిన, గొంతు తగ్గించి. "మీవాళ్ళు వస్తేనే మూస్తాం."

అధ్యక్షురాలు కళ్ళజోడు సర్దుకుని ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "బాగుందమ్మా! సరే, రేపు పొద్దున నేనే వస్తాను. కళ్ళారా చూస్తేగానీ నమ్మను" అంది.

ఆ సాయంత్రం వదిన వీధి వాళ్ళందరినీ కూడేసింది. తాళాల తాత నసిగాడు. "అమ్మాయ్, పులి నోట్లో తల పెట్టమంటున్నావు."

"తాతా, అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనం అడగడం మాట అటుంచి, అమ్మొస్తే తలుపేసుకుంటున్నాం!"

అందరూ గొల్లుమన్నారు. రేపు ఒక్క షట్టరూ దించకూడదని ఒట్లు పెట్టుకున్నారు.

తెల్లారింది. వీధి మొదట్లో మేడమ్, వెనక ఆఫీసు వాళ్ళు కనిపించారు. మరిది చేతికి ఒట్టూ తెలియదు, గిట్టూ తెలియదు. అలవాటు కొద్దీ బెల్లు మీద పడింది. ట్రింగ్ ట్రింగ్ ట్రింగ్! దబదబా షట్టర్లు దిగాయి. వదిన షట్టరు కూడా!

"అయ్యో, నా చేతులు పడిపోనూ!" చీకట్లో నెత్తి బాదుకుంది వదిన. మరుక్షణం షట్టరు ఎత్తి, పిండి చేతులతోనే వీధిలోకి పరుగెత్తింది. "తెరవండర్రా! మన నోట్లో మనమే మట్టి కొట్టుకుంటామా? తాతా, తెరువు!"

ఒక్కొక్క షట్టరే మెల్లగా లేచింది. కింద నుంచి సిగ్గుపడుతున్న మొహాలు బయటికొచ్చాయి. అంతా అయిపోయిందనుకుని వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తీరా చూస్తే నడివీధిలో మేడమ్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నిన్న నువ్వు చెప్తే సగమే నమ్మానమ్మా. ఇప్పుడు పూర్తిగా నమ్మాను. ఇన్ని కొట్లు మూతపడాలంటే ముందు ఇన్ని కొట్లు తెరిచి ఉండాలిగా!" అంది. తర్వాత తనవాళ్ళ వైపు తిరిగింది, నవ్వు లేకుండా. "మనల్ని చూసి జనం తలుపులేసుకుంటున్నారంటే తప్పు వాళ్ళొక్కరిదే కాదు. మనం అడగడానికి ఎప్పుడూ రాలేదు, పట్టుకోడానికే వచ్చాం."

బస్టాపు కదల్లేదు. ఆఫీసు వాళ్ళు వీధిలోనే బల్ల వేసుకుని లైసెన్సులిచ్చారు. ఇన్నేళ్ళ దాగుడుమూతలకు విరుగుడు ఒక్క పూట పని! "ఊళ్ళో వాళ్ళ తాళాలన్నీ తెరిచిన నాకు, నా తలుపు తెరవాలని తోచలేదు చూడు" అని తాత బుర్ర గోక్కున్నాడు.

మరిది బెల్లు ఇప్పటికీ మోగుతుంది. అది వినగానే జనం బయటికొస్తారు. వీధి దీపం వెలగట్లేదని ఒకరు, కాలువ పొంగుతోందని ఒకరు చుట్టుముడితే ఆఫీసు వాళ్ళే దాక్కోడానికి చోటు వెతుక్కుంటారు.

మొన్న వీధిలో కొత్తగా కొట్టు పెట్టిన ఒకాయన ఆ హడావిడికి బెదిరి షట్టరు మీద చెయ్యి వేశాడు. వదిన వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

"దించకు నాయనా. మూసిన తలుపు జరిమానాని ఆపుతుందో లేదో గానీ, సాయాన్ని మాత్రం తప్పకుండా ఆపుతుంది."