ఇష్టపూర్వకంగా

సంపూర్ణమ్మ కొంగ రెట్ట మీద తడిగుడ్డ పరిచి పక్క పలకకు జరిగింది. రెట్టను గీకకూడదు, నానాలి. అది నానేలోగా ఇంకో రెండు పలకలు తుడిచి వెనక్కొచ్చి గుడ్డ లాగితే, దాంతోపాటే ఊడొస్తుంది. అద్దం మీద గీత పడదు. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. ద్రాక్షారామం దిగువన కాలువ మీద సోలార్ పలకలు పరిచిన నాటినుంచి, నాలుగేళ్లుగా, ఎండెక్కకముందే తన వరుస తుడవడం ఆమె పని. మనిషి పొట్టి. కుడి భుజం కాస్త కిందికి వాలింది. వేళ్ల కొసలు సబ్బుబిళ్లలా అరిగిపోయి, హాజరు మిషను ఆమెను గుర్తుపట్టడం మానేసి ఏడాదైంది. తుడిచే ఆడవాళ్లందరిదీ అదే సంగతి. అప్పట్నుంచి వాళ్లకు కాగితం మీద సిరా వేలిముద్రే హాజరు.

ఒకప్పుడు ఈ గట్టు మీద ఆమెకు ఆనపపాదులు ఉండేవి. పట్టా లేని గట్టు కాబట్టి పరిహారం రాలేదు. "గట్టు పోయిన ఇంటికో పని, మీ తర్వాత మీ పిల్లలకి" అని కంపెనీవాళ్లు ఊరందరి ముందూ చెప్పి, రాసిచ్చారు. కూతురు ప్రసన్నలక్ష్మి చంటిదాన్ని చంకనేసుకుని పుట్టింటికి వచ్చేశాక, సంపూర్ణమ్మ ఆ మాటను రోజుకోసారైనా తలుచుకుంటోంది.

అవతలి వరుసలో వారంనుంచి కొత్త మిషను తిరుగుతోంది. నీళ్లక్కర్లేని బ్రష్షు. అది రెట్టను ఈ చివరనుంచి ఆ చివరదాకా పూసుకుంటూ పోయింది.

"వెల్ల వేస్తోందే అక్కా!" పక్కన తుడుస్తున్న పాపాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పని ముగించి ఇద్దరూ షెడ్డుకు వచ్చేసరికి సూపర్‌వైజరు గణేష్‌బాబు బల్ల మీద కాగితం, సిరాపెట్టె సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

"రండి సంపూర్ణమ్మగారూ, ఒక్క వేలు వేసేయండి."

"పొద్దున్నే వేశాను కదండీ."

"ఇది వేరేదండి. మామూలుదే."

ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. ఏడో తరగతి మధ్యలో బడి మాన్పించారు గానీ అక్షరాలు ఆమెను వదిలిపోలేదు. ఒక్కో మాట మీదా వేలు పెట్టి పైకే చదివింది.

"నేను ఇష్టపూర్వకంగా... పని మానుకుంటున్నాను. ఇకపై నాకు గానీ, నా కుటుంబానికి గానీ... ఈ సంస్థలో ఏ హక్కూ ఉండదు."

పాపాయి మొహం మాడిపోయింది. "నిన్న నాచేత వేయించింది ఇదా? హాజరనుకున్నానే అక్కా!"

"ఎవరి ఇష్టమండీ ఇది?" అంది సంపూర్ణమ్మ.

గణేష్‌బాబు సిరాపెట్టె మూత తీశాడు, మళ్లీ మూశాడు. "పైవాళ్లు పంపిన ఫార్మాట్ అండి. నేనేం చేయను? మిషన్లొస్తున్నాయి. పొగలేని కరెంటు, అందరికీ మంచిది. మీరూ సహకరించాలి కదా."

"ఆయ్, మంచిదేనండి. నాలుగేళ్లు దాని మొహం కడిగినదాన్ని, నాకు తెలీదా? అంత మంచి కరెంటుకి ఈ అబద్ధం ఎందుకంట? పెన్నివ్వండి."

"వేలు చాలండి."

"నా వేలు మీ మిషనుకే ఆనదు. నాకు సంతకం వచ్చు."

అతను ఇవ్వక తప్పలేదు. ఆమె వంగి 'ఇష్టపూర్వకంగా'ను కొట్టేసింది. హక్కు లేదన్న వాక్యాన్ని చివరిదాకా కొట్టేసింది. కింద గుండ్రటి అక్షరాలతో, తొందరపడకుండా రాసింది: 'నేను మానలేదు. మాన్పించారు. మా ఇంటి పని మా అమ్మాయిది.' పేరు పూర్తిగా రాసి సంతకం చేసింది.

"పాపాయీ, సెల్లులో ఫోటో తియ్యి."

పాపాయి రెండుసార్లు తీసింది. ఆ చేత్తోనే బల్ల తట్టి, "నాదీ బయటికి తియ్యండి గణేష్‌బాబుగారూ, నేనూ కొట్టేసేది ఉంది" అంది.

సంపూర్ణమ్మ గేటు దాటి గట్టు వెంబడి ఇంటికి నడిచింది. ప్రసన్నలక్ష్మికి ఏం చెప్పాలో ఆమెకు ఇంకా తెలియదు. వెనక్కి మాత్రం చూడలేదు.

ఫ్యాను గాలికి బల్ల మీద కాగితం తిరగబడింది. వెనకవైపు తెల్లగా ఉంది, రాత ఏదీ లేదు. పెన్ను నొక్కి కొట్టేసిన చోట మాత్రం గీతలు ఉబ్బెత్తుగా పైకి లేచి ఉన్నాయి.