అక్క ఊ కొట్టే చోటు

నేను రాసిన కాగితం చూసి మా మనవరాలు మూతి తిప్పింది.

"ఇదేంటమ్మమ్మా, రెండు వాక్యాలు రాసి ఇంత ఖాళీ వదిలావు? మళ్ళీ ఒక వాక్యం, మళ్ళీ ఖాళీ. ఎలకలు కొరికినట్టుంది."

"అవి ఖాళీలు కావే పిచ్చిదానా, అక్కడ మనిషి ఉంది" అన్నాను.

దానికి అర్థం కాలేదు. అది దాని తప్పు కాదు. ఫోను చూసుకుంటూనే తలాడించే కాలం పిల్ల. ఊ కొట్టడమంటే ఏమిటో దానికి ఎవరు నేర్పారు గనక?

ఊ కొట్టడంలో మా అక్కను మించినవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళు కాకముందు మేమిద్దరం ఒక టైలరు దుకాణంలో పని చేసేవాళ్ళం. ఇరుకు గది, దానికొక కిటికీ. కిటికీ కింద అక్క మిషను, దాని పక్కన ముక్కాలిపీట మీద నేను. అక్క కుట్టేది. నేను గుండీలు, కాజాలు, అంచులు చేత్తో చేసేదాన్ని. నా చేతులకే గాని నోటికి పని ఉండేది కాదు కదా, అందుకని దానికి నేనే పని కల్పించుకున్నాను. దారిలో చూసినవీ విన్నవీ చెప్పేదాన్ని. అవి అయిపోతే చూడనివి కూడా చూసినట్టు చెప్పేదాన్ని. అక్క తలెత్తేది కాదు. ఆ మిషను చప్పుడులోనే "ఊ" అనేది.

ఆ ఊ అంతా ఒకటే అనుకునేరు. నమ్మినప్పుడు పొట్టి ఊ. కోతలు కొయ్యకు అనడానికి ముక్కులోంచి ఒక ఊ. సాగదీసి అందంటే, నాన్చకుండా చెప్పి చావమని. కథ మరీ రసకందాయంలో పడితే ఊ కూడా ఉండేది కాదు, తొక్కే కాలు ఆగిపోయేది. మిషను ఆగిందంటే లోపలి గదిలో గుడ్డ కత్తిరించే మాస్టారికి సంగతి తెలిసిపోయేది.

"మిషను ఆగిందేంటమ్మా? మీ చెల్లెలు ఈసారి ఎవర్ని చంపుతోంది?" అని అక్కణ్ణించే కేకేసేవాడు.

"ఇంకా పోలేదు మాస్టారూ, కొనఊపిరితో ఉన్నాడు" అనేది అక్క.

"తొందరగా కానిమ్మను. సాయంత్రానికి చొక్కాలివ్వాలి."

ఆ దుకాణం పోయి అక్కడ చెప్పుల కొట్టు వచ్చింది. మాకు పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలయ్యారు, వాళ్ళకీ పిల్లలయ్యారు. మా ఆయనా, బావా వెళ్ళిపోయారు. ఎన్ని మారినా బుధవారం బుధవారం బస్సెక్కి అక్క ఇంటికి వెళ్ళడం మాత్రం నేను మానలేదు. వారం అంతా పోగేసిన కబుర్లు అక్క ముందు దింపుకుంటే గాని నాకు నిద్ర పట్టదు. మా అమ్మాయితో చెప్పొచ్చు, పక్కింటావిడతో చెప్పొచ్చు. చెప్తాను కూడా. కానీ అక్క ఊ అనేదాకా ఆ సంగతి నిజంగా జరిగినట్టు నాకుండదు.

అలాంటి అక్కకి చెవులు పోయాయి. పొయ్యి మీద నీళ్ళు ఇగిరినట్టు, కొంచెం కొంచెంగా. కొడుకు చెవికి మిషను కొనిచ్చాడు. అది పెట్టుకుంటే కుళాయి చప్పుడూ కుర్చీ చప్పుడూ కలిపి నెత్తిన కుమ్మరించినట్టుందని తీసేసింది. ఇప్పుడది అలమారలో, డబ్బాలో, దూది మీద హాయిగా పడుకుని ఉంది. దాంతో ఇంట్లోవాళ్ళందరూ అరిచి మాట్లాడడం మొదలుపెట్టారు. అన్నానికి రా. మాత్ర వేసుకో. తలుపేసుకో. అరిచి చెప్పగలిగేవి అవే కదా. గొంతు చించుకుని కబుర్లెవరు చెప్తారు? అక్క అన్నిటికీ "అలాగే" అనేది.

నాకు మాత్రం ఊ అనేది. నా మూతి కేసి చూస్తూ, నేను ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఒక ఊ. అన్నీ ఒకే కొలత. రెడీమేడ్ ఊలు. నాకు అనుమానం వచ్చింది.

"నిన్న మీ కోడలు మొసలి మీదెక్కి మార్కెట్టుకి వెళ్ళిందటక్కా" అన్నాను.

"ఊ" అంది అక్క. "వెళ్ళనీ పాపం. దానికి మాత్రం సరదా ఉండదా?"

పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న కోడలు పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. మెట్ల మీదకి వచ్చాక మాత్రం నవ్వు ఆగిపోయింది. కమ్మీ పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను.

"పోనీ రాసి చూపించవే అమ్మా" అంది మా అమ్మాయి. నా చదువెంత? కొలతల చీటీ మీద ఏ చొక్కా ఎవరిదో రాసేంత. అయినా కూర్చుని రాశాను. 'ఎదురింటివాళ్ళు ఖాళీ చేశారు. కొత్తవాళ్ళు వచ్చారు. కుక్క ఉంది.' అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివి, "అలాగే" అని ఆ చీటీని మాత్రల కింద పెట్టింది.

తిరిగి వస్తూ బస్సులో కూర్చుని ఆలోచిస్తే అప్పుడు తట్టింది. నేనూ అరిచేవాళ్ళలాగే రాశాను. చేతికి నొప్పి అని క్లుప్తంగా ముగించాను. మా అక్కకి పనికొచ్చే మాటలు చెప్పేవాళ్ళు ఇంటినిండా ఉన్నారు. పనికిరాని మాట ఒక్కటి తన దాకా చేరి ఎన్నాళ్ళయిందో.

ఆ వారమంతా భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని ప్యాంటు కథ రాశాను. అక్కకి తెలిసిన కథే. మా దుకాణంలో బేకరీ ఆయన ప్యాంటూ, లెక్కల మాస్టారి ప్యాంటూ పొట్లాలు మారిపోయాయి. బేకరీ ఆయన గుమ్మం పట్టని మనిషి, లెక్కల మాస్టారు గొడుగు కర్ర. లెక్కల మాస్టారు చూసుకోకుండా బేకరీ ఆయనది తొడుక్కుని బడికి వెళ్ళాడు. ఈ కాస్త చెప్పడానికి నేను బేకరీ వాసన దగ్గర మొదలుపెట్టి, ఆయన భార్య పెట్టుకునే గాజుల మీదుగా, మాస్టారి గొడుగు దాకా ఊరంతా తిరిగి వచ్చాను, నోటితో ఎలా చెప్తానో అలాగే. రెండు వాక్యాలు రాసేసరికి చెయ్యి తనంతట తానే ఆగిపోయేది. అక్కడ ఊ పడాలి. పడకపోతే తర్వాతి మాట రాదు. చివరికి అక్కడ కాస్త చోటు వదిలి ముందుకు సాగాను.

బుధవారం తీసుకెళ్ళి ఇచ్చాను. అక్క కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టింది. ఎదురుగా స్టూలు మీద నేను. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదలు. నా మాటలు ఆ కాగితంలోంచి అక్కలోకి వెళ్తున్నాయి, నాకు మాత్రం అక్కడ పనిలేదు.

అక్క కుడికాలు నేలని తొక్కుతోంది. చిన్నగా, ముందుకీ వెనక్కీ. తనకి తెలియదు.

"ఊ" అంది.

పొట్టి ఊ. ఆ ఊ తనకి వినపడలేదు, నాకే వినపడింది. బేకరీ ఆయన భార్య గాజుల దగ్గర ముక్కులోంచి ఒకటి. గొడుగు దగ్గర సాగదీసి ఇంకొకటి. నేను వదిలిన చోట్లలోనే ఒక్కొక్కటీ వచ్చి పడుతున్నాయి. లెక్కల మాస్టారికి ఒక చెయ్యి సుద్దముక్కకీ, ఒక చెయ్యి ప్యాంటుకీ సరిపోయాయి, డస్టరు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు అని రాశాను చూడండి, అక్కడికి వచ్చేసరికి అక్క కాలు ఆగిపోయింది.

నేను లోపలి గది వైపు చూశాను. మిషను ఆగిందేంటమ్మా అని ఎవరో అడుగుతారని చూశాను. లోపల అక్క మంచం, మడతపెట్టిన దుప్పటి ఉన్నాయి.

అక్క కాగితం వెనక్కి తిప్పి చూసింది. అక్కడేమీ లేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"బూడిదరంగు ప్యాంటని రాశావేంటే? అది గోధుమరంగు."

"బూడిదరంగే" అన్నాను.

"నాకు వినపడదు."

"బూడిదరంగేనమ్మా తల్లీ, ఆ ప్యాంటుకి అంచు కుట్టింది నేను."

"నా ముందు అలా పెదాలాడించకు, చేపలాగ" అంది అక్క. "చెప్పేదేదో రాసుకుని రా. అయితే ఇంత కురచగా కాదు. లెక్కల మాస్టారు ఆ రోజు ఇంటికెలా వెళ్ళాడో రాయలేదేం?"

అదే రాస్తున్నాను ఇప్పుడు. బుధవారానికి ఇంకా రోజులున్నాయి. ప్యాంటు బూడిదరంగుదేనని మొదటి వాక్యంలోనే తేల్చి పారేసి, కింద చోటు వదిలాను. ఈసారి మామూలు కంటే ఎక్కువ వదిలాను. అక్క ఇక్కడ ఒక్క ఊతో ఊరుకోదు.